పేన్స్ ప్రెయరీ, మూడో రోజు

సంక్రాంతి వెళ్లిన వారం, మంగళవారం. ఫ్లోరిడాలో మికనోపీ ఊరి పక్కన, పేన్స్ ప్రెయరీ అనే గడ్డిమైదానపు పార్కులో పక్ పగ్గీ క్యాంప్‌గ్రౌండ్. రాత్రి 29 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దిగింది, అంటే సున్నాకి దాదాపు రెండు డిగ్రీలు కింద.

ఫ్లోరిడాకి ఆర్వీ, అంటే వంటగది, పడక ఉన్న బండి లేదా ట్రైలర్, వేసుకొచ్చేవాళ్లు చలి సంగతి మర్చిపోతారు. గేన్స్‌విల్ చుట్టుపక్కల జనవరిలో ఇలాంటి రాత్రులు మామూలే. ముందు గడ్డకట్టేది ట్రైలర్ లోపలి పైపులు కాదు, బయట కొళాయికి తగిలించిన గొట్టం. అందుకే నిన్న పొద్దుగూకకముందే మంచినీళ్ల ట్యాంకులో పది గ్యాలన్లు పట్టి, గొట్టం విప్పి, ఒక కొస ఎత్తి పట్టుకుని నీళ్లు వంపేసి, ప్రెషర్ రెగ్యులేటర్‌నీ ఫిల్టర్‌నీ లోపల పెట్టడం అయింది. రాత్రంతా ట్రైలర్‌కి నీళ్లు ఆ ట్యాంకు నుంచి, పంపు మీదే. ఫిల్టర్ బయట వదిలేస్తే దాని ప్లాస్టిక్ డబ్బా పగులుతుంది. ఆ పగులు అప్పటికప్పుడు కంటికి కనపడదు. మర్నాడు కొళాయి తిప్పాక సన్నగా చిమ్ముతుంది, అప్పుడు తెలుస్తుంది.

పొద్దున 6:50. ఇంకా చీకటే. శాండ్‌హిల్ క్రేన్లు కూత మొదలుపెట్టాయి. మన బెగ్గురు పక్షుల కుటుంబమే ఇవీ. వీటి గాలిగొట్టం రొమ్ము ఎముక లోపలికి వెళ్లి చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అందుకే ఆ కూత గొంతులోంచి కాక డప్పులోంచి వచ్చినట్టుంటుంది, చాలా దూరం వినపడుతుంది. చలికాలానికి ఉత్తరాన గ్రేట్ లేక్స్ వైపు నుంచి దిగేవీ, ఏడాది పొడుగునా ఇక్కడే ఉండేవీ ఒకే చోట కలిసి మేస్తాయి. దూరం నుంచి చూసి ఏవి ఏవో చెప్పడం వల్లకాదు.

రాత్రి లోతులేని నీళ్లలో నిలబడి పడుకుంటాయి, ఎండ పొడ తగిలాక గుంపులు గుంపులుగా లేస్తాయి. ఆ గంటలో ట్రైలర్‌ని నిలబెట్టే జాకులు తిప్పడం, స్లైడ్ (బయటికి జరిగే గది భాగం) లాగడం, జనరేటర్ పెట్టడం లాంటివి ఏవీ పెట్టుకోకూడదు. పక్కవాళ్ల నిద్ర కోసం అని కాదు, మనం వచ్చిందే దీనికోసం కాబట్టి. విజిటర్ సెంటర్ దగ్గరి యాభై అడుగుల టవర్ ఎక్కితే మైదానం మొత్తం పొగమంచులో తెల్లగా ఉంది. దూరంగా రెండు నల్లటి మచ్చలు, బైనాక్యులర్‌లో చూస్తే వాటి మూతుల దగ్గర ఆవిరి. బైసన్లు, అమెరికా అడవిదున్నలు. ఓక్లహోమాలోని విచిటా మౌంటెన్స్ నుంచి 1975లో పది తలలు తెచ్చి వదిలారు, ఇవి వాటి సంతతే. 1774లో విలియం బార్ట్రమ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఇక్కడికి వస్తే, సెమినోల్ అనే స్థానిక తెగ నాయకుడు అతనికి పక్ పగ్గీ అని పేరు పెట్టాడు. పూల వేటగాడు అని అర్థం. క్యాంప్‌గ్రౌండ్‌కి ఆ పేరే.

8:30కి ఉప్మా దగ్గర కరెంటు పోయింది. లెక్క తేలికే. 30 ఆంపుల కనెక్షన్ అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు. గది హీటర్ 1,500, వేణ్నీళ్ల హీటర్ 1,400, పక్కన పప్పు కోసం పెట్టిన ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు కుక్కర్) 1,000. మొత్తం 3,900. చిక్కేమిటంటే బ్రేకర్ వెంటనే పడదు, కొంచెం ఎక్కువైతే చాలాసేపు మోస్తుంది. ఆ సేపంతా ప్లగ్గు వేడెక్కుతూ ఉంటుంది. ప్లగ్గు పళ్లు గోధుమరంగుకి తిరిగాయంటే పట్టు వదులుగా ఉందని అర్థం, దాన్ని మార్చాల్సిందే. గంటలకొద్దీ నడిచే వాటిని 24 ఆంపుల లోపు ఉంచడం, చలి పొద్దుల్లో వేణ్నీళ్లని గ్యాస్ మీదకి మార్చడం, ఇదే దారి. ఇక తాలింపు సంగతి. ఆవాలు వేసే ముందే పైకప్పు ఫ్యాన్ పెట్టి, ఒక కిటికీ రెండంగుళాలు తెరవాలి. కిటికీ తెరవకుండా ఫ్యాన్ పెడితే లోపలికి గాలి రాదు, పొగా పోదు, ఎండుమిరపకాయ మాడకముందే పొగ అలారం మోగుతుంది.

పది దాటాక గొట్టం మళ్లీ తగిలించేటప్పుడు కరెంటు డబ్బా మూత చేత్తో కాకుండా పుల్లతో ఎత్తడం మంచిదయింది. లోపల నిప్పుచీమలు. బ్రేకర్ వెచ్చదనానికి చేరతాయి, స్విచ్ పలకల మధ్య నలిగి చచ్చి అక్కడే పేరుకుంటాయి, దాంతో కరెంటు సరిగా అందదు. డబ్బాలో మందు చల్లడం మాత్రం పొరపాటు. బ్రేకర్ ఆపి, పొడి బ్రష్‌తో దులిపి, పార్కు వాళ్లకి చెప్పాలి. గొట్టం, వైరు నేలకి ఆనకుండా ఎక్కడికక్కడ ఎత్తులో పెడితే ట్రైలర్‌లోకి పాకే దారులు తగ్గుతాయి.

లా చువా ట్రయల్ అనే నడకదారికి పదకొండున్నరకి. మైదానానికి ఉత్తరపు కొసన, గేన్స్‌విల్ వైపు నుంచి వెళ్లాలి. పార్కింగ్ చిన్నది, ట్రైలర్‌తో వెళ్లేది కాదు. చలికాలంలో మొసళ్ల కోసం పొద్దున్నే వెళ్లి లాభం లేదు, ఎండ ముదిరాకే గట్టెక్కుతాయి. ఎలిగేటర్ (ఇక్కడి మొసలి) ఎప్పుడు బయటికొచ్చిందో వీపే చెబుతుంది. తడి తోలు నల్లగా ఉంటుంది, ఆరేకొద్దీ వెన్ను గట్ల మీద నుంచి మొదలుపెట్టి బూడిదరంగుకి తిరుగుతుంది. ఇవాళ బోర్డువాక్ (చెక్క నడకదారి) కింద ఉన్నదానికి తల, వెన్ను తెల్లబడ్డాయి, తోక ఇంకా నల్లగానే ఉంది. ముందు కాలు వెనక్కి మడిచి, అరికాలు ఆకాశం వైపు తిప్పి పడుకుంది. దాని పక్కనే లింప్‌కిన్ అనే నీటిపక్షి ఒకటి నత్త గుల్లని పగలగొట్టకుండా లోపలి మాంసం లాక్కుంటోంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడ్డ ఆ పెద్ద నత్తలు పెరిగాకే నత్తలు తినే గద్దలు, స్నెయిల్ కైట్లు కూడా ఇక్కడ గూళ్లు కట్టాయి.

ఈ దారిలోనే అలచువా సింక్. మైదానం నీళ్లు భూమిలోకి దిగే బిలం. 1870లలో అది పూడుకుపోయి మైదానమంతా చెరువైంది, దాని మీద ఆవిరి పడవలు నడిచాయి. 1891 నాటికి మళ్లీ ఖాళీ.

మన సింకు కథా అంతే. సైటులో నీళ్లు, కరెంటు ఉంటాయి, మురుగు మాత్రం వెళ్లేటప్పుడు డంప్ స్టేషన్ (ట్యాంకులు ఖాళీ చేసే చోటు) దగ్గరే. ఇద్దరికి 30 గ్యాలన్ల గ్రే ట్యాంకు (గిన్నెలు కడిగిన, స్నానం చేసిన నీళ్లది) మూడు రోజులకి నిండుతుంది. పప్పు గిన్నెలో నూనె, చింతపండు పిప్పి సింకులో పోస్తే చలికి ట్యాంకు గోడలకి పట్టి సెన్సర్ ఎప్పుడూ నిండినట్టే చూపిస్తుంది. గిన్నె ముందు కాగితంతో తుడిచి, తర్వాతే కడగాలి. బ్లాక్ ట్యాంకు (మరుగుదొడ్డిది) వాల్వు, మురుగు కనెక్షన్ ఉన్న సైటులోనైనా, ఖాళీ చేసేదాకా మూసే ఉండాలి. తెరిచి ఉంచితే నీళ్లు పోయి గట్టిది అడుగున కుప్ప పడుతుంది. ఖాళీ చేసేటప్పుడు ముందు బ్లాక్, తర్వాత గ్రే. సబ్బునీళ్లు గొట్టాన్ని కడిగేస్తాయి.

సాయంత్రం అరిసెల డబ్బా బయట బల్ల మీద ఉండిపోయింది, పది నిమిషాలు. మూత మీద బురద అరచేయి ముద్ర, చిన్నపిల్లాడి చెయ్యంత. రకూన్, తిండి వెతుక్కుంటూ తిరిగే అడవి జంతువు. డబ్బా తెరుచుకోలేదు. అయినా ఒకసారి బెల్లం వాసన తగిలిన చోటికి అది మళ్లీ వస్తుంది, మనం వెళ్లాక ఈ సైటులో దిగేవాళ్ల దగ్గరికి కూడా. బల్ల తుడిచి, చెత్త డబ్బాకి చేర్చి, ట్రైలర్ పందిరి అంచున ఉన్న లైటు ఆపడం అయింది.

5:50. క్రేన్లు తిరిగొస్తున్నాయి. బయట 41 ఫారెన్‌హీట్, దిగుతోంది. గొట్టం విప్పాలి.