తత్ర తిష్ఠామి: మా వీధి పందిట్లో ఒక కల్యాణి

శ్రీరామనవమికి మా వీధి రామాలయంలో తొమ్మిది రోజులూ ఏదో ఒకటి ఉంటుంది, భజన, హరికథ, చిన్నపిల్లల డ్యాన్సులు, ఒక సాయంత్రం మాత్రం కచేరి. కచేరి రోజు జనం తక్కువే వస్తారు, ప్రసాదం టైముకి మాత్రం ఎక్కడెక్కడి నుంచో ఊడిపడతారు, అది వేరే సంగతి. వైజాగ్‌లో చైత్రమాసం ఎలా ఉంటుందో తెలిసిందే కదా, సాయంత్రం ఆరు దాటినా ఒంటికి చొక్కా అతుక్కుపోయే ఉంటుంది, సముద్రం గాలి వస్తుంది గానీ ఉప్పూ తేమా తప్ప చల్లదనం తీసుకురాదు. పందిట్లో నాలుగు పెడస్టల్ ఫ్యాన్లు పెట్టారు, వాటి రొద సగం మైకులోకే పోతోంది. మృదంగం ఆయన అయితే పాట పాటకీ రాయీ పుల్లా తీసి అంచు చుట్టూ టక్‌టక్‌మని కొట్టుకుంటూనే ఉన్నాడు, ఈ తేమకి తోలు మూత శ్రుతి ఊరికే దిగిపోతుంది పాపం. ఎడమవైపు తొప్పికి అంటించిన రవ్వముద్దని మధ్యమధ్యలో వేలితో తడుపుకుంటూ, శ్రుతి సరిపోయిందో లేదో ఒక చెవి తంబూరా వైపు పెట్టి, మళ్ళీ టక్‌టక్. నాకు అది చూడటం భలే ఇష్టం, కచేరీలో సగం భక్తి అక్కడే ఉందనిపిస్తుంది.

ఈ పోస్టు నిజానికి ఒక శ్లోకం గురించి. అందరికీ తెలిసిన శ్లోకమే, పద్మపురాణంలోదని చెప్తారు, పాఠాంతరాలు ఉన్నాయి గానీ మా ఇంట్లో చదివేది ఇలా:

నాహం వసామి వైకుంఠే న యోగిహృదయే రవౌ
మద్భక్తా యత్ర గాయంతి తత్ర తిష్ఠామి నారద

నేను వైకుంఠంలో ఉండను, యోగుల గుండెల్లో ఉండను, సూర్యుడిలో ఉండను, నా భక్తులు ఎక్కడ పాడుతుంటారో అక్కడ ఉంటానయ్యా నారదా, అని స్వామి చెప్పడం. చిన్నప్పుడు దీన్ని భజన మందిరాల గోడల మీద పెయింటుతో రాసి ఉంటే చూసి, సరేలే, పాటలు పాడమని చెప్పడానికి రాశారు అనుకునేవాణ్ణి. ఆ కచేరీ తర్వాత మాత్రం ఇందులో ఉన్న రెండు క్రియలు నన్ను వదలట్లేదు, ఒకటి గాయంతి, రెండోది తిష్ఠామి.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చెప్పాలి.

పాడింది చిన్న వయసు అమ్మాయే, ముప్ఫై కూడా ఉండవేమో. ప్రధానంగా కల్యాణి రాగం ఎత్తుకుంది, త్యాగరాజస్వామి వారి నిధి చాల సుఖమా. మిశ్రచాపు తాళం, తకిట తకధిమి అని ఏడు అక్షరాలు, మూడూ నాలుగూ. తంజావూరు రాజాస్థానం నుంచి కానుకలతో కబురొస్తే వద్దని పంపేసి ఆయన ఈ కీర్తన పాడారని మన పెద్దవాళ్ళు చెప్పుకునే కథ అందరూ వినే ఉంటారు. డబ్బు సుఖమా, రాముడి సన్నిధి సుఖమా, నిజం చెప్పవే మనసా, అని తనని తనే నిలదీసుకోవడం. చరణంలో మమత బంధనయుత నరస్తుతి సుఖమా అనే చోటికి వచ్చాక నెరవల్ మొదలుపెట్టింది.

నెరవల్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెప్తాను. సాహిత్యం ఒక్క అక్షరం మారదు, తాళంలో ఏ మాట ఎక్కడ పడాలో అక్కడే పడాలి, మారేది ఆ మాటల్ని మోసుకెళ్ళే సంగీతం మాత్రమే. ఆ ఒక్క లైనే మళ్ళీ మళ్ళీ, ప్రతిసారీ కొత్తగా, ముందే రాసుకున్నదీ కాదు, గురువుగారు నేర్పిందీ కాదు, అప్పటికప్పుడు. మొదట కింద స్థాయిలో నెమ్మదిగా, తర్వాత పైకి, తర్వాత రెండో కాలంలో వడిగా. పక్కన వయొలిన్ ఆమె ఆ అమ్మాయి ఏం పాడబోతుందో తెలియకుండానే వెనకాలే అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, తన వంతు వచ్చినప్పుడు తనూ ఒక సారి ఆ లైను చెప్పాలి, మాటల్లేకుండా.

అక్కడ ఒక తమాషా కూడా ఉంది. ఈ అమ్మాయి మమకారాల్లో కట్టుబడ్డ మనుషుల్ని పొగడటం సుఖమా అని పదిసార్లు పది రకాలుగా అడుగుతుంటే, స్టేజీ పక్కన కమిటీవాళ్ళు శాలువా, మెమెంటో పట్టుకుని ఒక పెద్దాయన కోసం రెడీగా నిలబడి ఉన్నారు, కీర్తన అయిపోగానే ఆయన్ని పొగడాలి మరి! మైకులో దాతల లిస్టు చదవడానికి కాగితం కూడా చేతిలోనే ఉంది. నాకు నవ్వాగలేదు. వాళ్ళని అనడం కాదు, ఆ చందాలు లేకపోతే ఆ పందిరీ లేదు, ఆ కచేరీ లేదు, కానీ త్యాగరాజస్వామి ఆ సాయంత్రం ఆ స్తంభం పక్కన నిలబడి ఉంటే ఆయనకీ నవ్వొచ్చేదే.

సరే, రెండో కాలంలోకి వచ్చాక ఆ అమ్మాయికి ఊపు వచ్చేసింది. నర అన్న మాట దగ్గర పైషడ్జం, అంటే పై స్థాయి స, పట్టుకుని సాగదీసింది, సాగదీసింది, ఎంత బాగుందంటే తనే అందులో ఉండిపోయింది, తేరుకుని స్తుతి అనేసరికి తాళం ముందుకెళ్ళిపోయింది. ఎత్తుగడ తప్పింది, అంటే తాళంలో మాట పడాల్సిన చోటు దాటిపోయింది. నా ముందు వరసలో మా పక్కింటి మావయ్యగారు కూర్చున్నారు, మొదటి నుంచీ తొడ మీద తాళం వేస్తున్న ఆయన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వయొలిన్ ఆమె విల్లు ఎత్తేసింది. మృదంగం ఆయన మాత్రం ఏమీ జరగనట్టు ఇంకో ఆవర్తం, అంటే తాళం ఇంకో చుట్టు, నడిపించాడు, రా తల్లీ, దారి ఇక్కడుంది అన్నట్టు.

ఆ అమ్మాయి ఏం చేసిందంటే, గర్భగుడి వైపు తిరిగి చెంపలేసుకుంది. టపటపా రెండుసార్లు, మనం హారతి ముందు వేసుకున్నట్టే. తర్వాత చిన్నగా నవ్వి, ఆ లైనే మళ్ళీ ఎత్తుకుంది, ఈసారి వడి లేదు, గమకాల హడావిడి లేదు, పైషడ్జం జోలికే పోలేదు, కింద గాంధారం, అదే గ, చుట్టూ తిరుగుతూ, నిజంగా ఎవరినో అడిగినట్టు, నరస్తుతి సుఖమా? అంతే. పందిట్లో అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా తలెత్తారు. మావయ్యగారి చెయ్యి మళ్ళీ తొడ మీదకి దిగింది కానీ తాళం వెయ్యడం మర్చిపోయారు.

ఇంటికి వెళ్తూ అడిగాను, ఎత్తుగడ తప్పింది కదండీ అని. "తప్పితే ఏటయిందిరా, ఆ తర్వాత పాడింది తప్పకపోతే వచ్చునా?" అన్నారు. ఆయన మామూలుగా ఎవర్నీ మెచ్చుకోరు, మద్రాసు వెళ్ళి డిసెంబరు సీజన్ కచేరీలు విని వచ్చి కూడా ఏదో ఒక వంక పెట్టే మనిషి.

ఇప్పుడు శ్లోకానికి వస్తాను. గాయంతి. వర్తమాన కాలం. పాడారు అని లేదు, పాడతారు అని లేదు, పాడుతుంటే అని ఉంది. బాగా పాడుతుంటే అని కూడా లేదు, గమనించారా! స్వామి షరతు పెట్టింది ఒక్కటే, ఆ పని జరుగుతూ ఉండాలి. నాకు దీన్ని నైవేద్యంతో పోల్చి చూసుకుంటే అర్థమవుతుంది. నేను చద్దన్నం ప్రియుణ్ణి, ఆవకాయ వేసుకుని తింటే దాని ముందు బిర్యానీ కూడా దిగదుడుపే నాకు, అయినా చద్ది తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టం కదా. ఆయనకి అప్పుడే పొయ్యి మీద నుంచి దించింది పెట్టాలి, రుచి చూడకుండా పెట్టాలి. ఉప్పు సరిపోయిందో లేదో తెలియకుండానే గిన్నె ముందు పెట్టి చుట్టూ నీళ్ళు తిప్పేస్తాం, తెలిసేది ప్రసాదం మన నోట్లో పడ్డాకే. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు పుట్టించి పాడటం, అచ్చం ఇదే అనిపించింది ఆ రోజు. ఆలాపన గానీ, నెరవల్ గానీ, స్వరకల్పన గానీ, పాడేవాళ్ళకే దాని రుచి ముందు తెలియదు.

మరైతే పుష్య బహుళ పంచమికి, త్యాగరాజస్వామి ఆరాధన రోజు, ఆయన పంచరత్న కీర్తనలు పాడతారే, దాన్ని ఏమంటావ్ అని మా ఇంట్లోనే అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, అయిదు ఘనరాగాలు, అన్నీ ఆదితాళమే, వందమంది కూర్చుని గోష్ఠిగా పాడతారు, ఎవరికి వాళ్ళు లైనుకి సొంత మలుపు వేస్తే గందరగోళమే. అందులో మనోధర్మానికి చోటు లేదు. కానీ అది చద్ది కాదు, పులిహోర లాంటిది, కొలతలు తాతలనాటివే, చింతపండు మాత్రం ఈ రోజు నానబెట్టిందే. ప్రతి ఏడూ కొత్తగా వండాల్సిందే.

అసలు మన ఉత్తరాంధ్రకి అప్పటికప్పుడు పుట్టించడం కొత్తేం కాదు. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, హరికథా పితామహుడు. రెండు చేతులూ రెండు కాళ్ళూ వేరు వేరు తాళాలు వేస్తుంటే పైన పల్లవి పాడిన మనిషి అని చెప్పుకుంటారు. అదే కాలేజీలో వయొలిన్ చెప్పి తర్వాత 1936లో ప్రిన్సిపాల్ అయిన ద్వారం వెంకటస్వామినాయుడు గారు పుట్టింది బెంగుళూరు అయినా పెరిగింది మన వైజాగ్‌లోనే, చూపు సరిగ్గా ఆనకపోయినా ఆ విల్లు పట్టుకుంటే ఇంక ఏం కావాలి అనిపించే వాద్యం. మా వైజాగ్ కళాభారతి ఆడిటోరియంలో ఏ కచేరీకి వెళ్ళినా నాకు వీళ్ళిద్దరూ గుర్తొస్తారు.

తిష్ఠామి సంగతి. వ్యాకరణం తెలిసినవాళ్ళు దానికి ఉంటాను అనే అర్థం చెప్తారు, ఒప్పుకుంటాను. కానీ ఆ ధాతువుకి నిలబడటం అనే అర్థం కూడా ఉంది, నాకు అదే ఇష్టం. వైకుంఠంలో శేషుడి మీద పడుకునే ఆయన ఇక్కడికొచ్చి ఎందుకు నిలబడతాడు? కుర్చీ దొరక్క అంటాడు మా చిన్నోడు. నేనైతే, ఆ అమ్మాయి ఎత్తుగడ తప్పిన క్షణంలో పందిట్లో వెనకాల స్తంభానికి ఆనుకున్న ఒక ఆటో డ్రైవర్ చటుక్కున నిటారుగా నిలబడ్డాడు, అది చూశాను. ఏమవుతుందో అని. అతనికి కల్యాణి తెలుసో లేదో నాకు తెలియదు. తిష్ఠామి అంటే నాకు ఇప్పుడు ఆ నిలబడటమే కళ్ళకి కనిపిస్తుంది.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. ఆ నెరవల్‌ని నేను ఫోన్‌లో రికార్డ్ చేశాను. నెల తర్వాత వైశాఖ శుద్ధ తదియ వచ్చింది, సింహాచలం చందనోత్సవం. ఏడాదంతా చందనం కింద ఉండే అప్పన్న నిజరూపం చూపించేది ఆ ఒక్క రోజే, ఆ రాత్రికి మళ్ళీ చందనం వేసేస్తారు, విడతకి మూడు మణుగుల చొప్పున ఆషాఢ పౌర్ణమి దాకా నాలుగు విడతలు. కొండ కింద బస్సు కోసం క్యూలో గంటలకొద్దీ నిలబడ్డాం, కాలు కదపడానికి లేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ రికార్డింగ్ విన్నాను. తప్పు వచ్చింది, వింటే తప్పులాగే ఉంది. ఫ్యాన్ల రొద, ఎవరో దగ్గడం, ఎత్తుగడ తప్పడం. చెంపలేసుకున్న చప్పుడు మైకు దాకా వెళ్ళలేదు. తర్వాత వచ్చిన ఆ నెమ్మది లైను కూడా బాగానే ఉంది, బాగానే ఉంది, అంతే. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. అంతే.

మా ముందు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళ గుంపు ఒకటి ఉంది, తలల మీద కొంగులు కప్పుకుని, పొద్దున్నుంచీ పాడుతూనే ఉన్నారు. ఒక ముసలావిడ ఒక చరణం అంటుంది, మిగతావాళ్ళు సింహాద్రి అప్పన్నా అని అందుకుంటారు. ఇయర్‌ఫోన్ ఒకటి తీసి వింటే ఆవిడకి ముందే వచ్చిన పాటేం కాదది, ఏది కనబడితే అది చరణం చేసేస్తోంది. ఎండ మీద ఒక చరణం, రాని బస్సు మీద ఒకటి, కోడలి మోకాలి నొప్పి మీద ఒకటి, మంచినీళ్ళ ప్యాకెట్లు పంచుతున్న కుర్రాళ్ళ మీద ఒకటి. వరస తప్పితే నవ్వేసి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటోంది. అలా పాడుతూ పాడుతూ వెనక్కి తిరిగి నన్ను చూసింది, పైనుంచి కింద దాకా చూసింది, గొంతు పెంచి,

"సెవిలోన వైరెట్టి సెల్లు సూసే బాబు, ఆడి బుర్ర ఇటు తిప్పు అప్పన్నా..."

క్యూలో అందరూ గొల్లుమన్నారు. రెండో ఇయర్‌ఫోన్ కూడా తీసి జేబులో పెట్టుకున్నాను. ఈసారి సింహాద్రి అప్పన్నా అని అందుకున్నప్పుడు నా గొంతు కూడా కలిపాను, అర అక్షరం ఆలస్యంగా.