స్లైడ్లు మార్చిన అబ్బాయికి నేను వేసిన మార్కులు

చెన్నైలో ఎంబీఏ విద్యార్థులకు మార్కెటింగ్ పాఠం చెబుతూ పదకొండేళ్లు గడిచాయి. తరగతిలో అరవై మంది ఉంటే, అందులో దాదాపు మూడో వంతు నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన పిల్లలే ఉంటారు. సెమిస్టర్ చివర ఐదుగురు చొప్పున పన్నెండు టీములు ప్రజెంటేషన్ ఇస్తాయి. ఒక్కో టీముకు ఇరవై నిమిషాలు, ఆపైన ప్రశ్నలకు పది నిమిషాలు, మొత్తం 30 మార్కులు. మొదటి కొన్నేళ్లు అందులో 20 టీము మొత్తానికి ఉమ్మడిగా వేసి, మిగిలిన 10 ఒక్కొక్కరు మాట్లాడిన తీరును బట్టి వేసేదాన్ని. ఆ పద్ధతిని ఎందుకు మార్చుకున్నానో ఇక్కడ రాస్తున్నాను.

ఆ మార్పుకు కారణమైన ఏడాది నేను ఇచ్చిన పని చాలా చిన్నది. వీధి చివరి కొట్టులో అమ్మే ఒక వస్తువును తీసుకుని, 1960లో అమెరికా మార్కెటింగ్ ఆచార్యుడు జెరోమ్ మెకార్తీ చెప్పిన నాలుగు అంశాలు, అంటే వస్తువు, ధర, దొరికే చోటు, ప్రచారం, ఆ ఒక్క కొట్టులో ఎలా పనిచేస్తున్నాయో చూపించాలి. ఒక టీము షాంపూ ప్యాకెట్లను ఎంచుకుంది. తమిళనాడులో చదివే పిల్లలకు ఇంతకన్నా మంచి విషయం దొరకదని నాకు సంతోషం కలిగింది. కడలూరుకు చెందిన చిన్నికృష్ణన్ షాంపూను చిన్న ప్యాకెట్లలో అమ్మవచ్చునని నమ్మిన మనిషి. ఆయన కుమారుడు సి.కె. రంగనాథన్ 1983లో 15,000 రూపాయలతో చిక్ షాంపూ మొదలుపెట్టి, ఏ కంపెనీవైనా సరే ఐదు ఖాళీ ప్యాకెట్లు తెచ్చి ఇస్తే ఒక చిక్ ప్యాకెట్ ఉచితంగా ఇచ్చే ఏర్పాటు చేశారు. అది బాగా సాగిన తరువాత చిక్ ఖాళీ ప్యాకెట్లకు మాత్రమే ఆ అవకాశం పరిమితం చేశారు. సీసా కొనే స్తోమత లేని ఇంటికి కూడా షాంపూ చేరింది ఇలాంటి ఆలోచనల వల్లనే.

ఆ టీములో ఒక అమ్మాయి చాలా చక్కగా మాట్లాడింది. స్వరం స్పష్టంగా ఉంది, వాక్యం ఎక్కడా తెగలేదు. మరో ముగ్గురు తమ భాగాలు తడబడకుండా చెప్పారు. ఐదో అబ్బాయి ల్యాప్‌టాప్ పక్కన నిలబడి స్లైడ్లు మార్చాడు. నేను అతన్ని ఇంగ్లీషులో ఒక ప్రశ్న అడిగితే, రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు. టీముకు 16 వేసి, ఆ అమ్మాయికి 9, ఆ అబ్బాయికి 2 కలిపాను. ఆ సాయంత్రమే మార్కుల పట్టిక పరీక్షల విభాగానికి పంపేశాను.

నాలుగు రోజుల తరువాత అతను రిపోర్టు ఇవ్వడానికి వచ్చి, సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి, "మేడమ్, ఇది కూడా ఇవ్వాలా?" అని అడిగాడు. తెరిచి చూశాను. వేళచ్చేరిలో తన హాస్టల్ దగ్గరి అన్నాచ్చి కొట్టులో, అంటే వీధి కిరాణా కొట్టులో, వారం రోజులపాటు, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా కూర్చుని, ఎవరు ఎన్ని ప్యాకెట్లు కొన్నారో తెలుగులో రాసుకున్నాడు. గురువారం సాయంత్రం అమ్మకం ఎక్కువ. కారణం కూడా రాశాడు: మర్నాడు శుక్రవారం, ఆడవాళ్ల తలస్నానం రోజు. ఆ రోజు కొట్టు యజమాని ప్యాకెట్ల దండలను లోపలి మేకు నుంచి తీసి ముందు వరుసలో వేలాడదీస్తాడు. పొడుగు జడ ఉన్న ఆడపిల్లలు ఒక్కరికే రెండు ప్యాకెట్లు తీసుకుంటారు కాబట్టి, ప్యాకెట్ల లెక్కను మనుషుల లెక్కగా తీసుకోకూడదని అంచున చిన్న అక్షరాలతో గుర్తు పెట్టుకున్నాడు. నేను 16 మార్కులు వేసిన ప్రజెంటేషన్‌లోని విషయమంతా ఆ నోటుబుక్కులోదే. పైగా చివరి గమనిక, అన్నిటికన్నా విలువైనది, స్లైడ్లలోకి రానేలేదు.

పరీక్షల విభాగానికి లేఖ రాసి ఆ 2ను 9గా మార్పించడానికి తొమ్మిది రోజులు పట్టింది.

ఒక మంచి గుణం చూడగానే మిగతా గుణాలన్నీ ఉన్నట్టు అనిపించడాన్ని అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే, సైనికాధికారులకు వాళ్ల పై అధికారులు వేసిన అంచనాలను పరిశీలించి వివరించాడు. బ్రాండ్ల గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి నేను ఏటా తరగతిలో చెబుతాను. అలాగే, తాడు లాగే మనుషుల సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గుతుందని ఫ్రాన్సు వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మన్ 1913లో ప్రచురించాడు. 1981లో మనస్తత్వవేత్తలు విలియమ్స్, హార్కిన్స్, లాటనే గుంపుగా అరవమని విద్యార్థులను అడిగి చేసిన ప్రయోగాల్లో, ఎవరి గొంతు ఎంత పలికిందో విడిగా కొలుస్తారని తెలిసినప్పుడు ఆ సడలింపు కనిపించలేదు. ఉమ్మడిగా వేసిన నా 20 మార్కులు ఎవరి గొంతునూ విడిగా కొలవలేదు.

ఇప్పుడు ప్రజెంటేషన్‌కు వారం ముందే ప్రతి విద్యార్థీ తన సొంత నోటుబుక్కు, ఏ భాషలో ఉన్నా సరే, నాకు ఇవ్వాలి. ఎవరు ఏ భాగం చెప్పాలో ఆ రోజు తరగతి గుమ్మం దగ్గర చీటీలు తీసి నిర్ణయిస్తాం కనుక, ఐదుగురూ మొత్తం పని తెలుసుకుని రాక తప్పదు. ప్రశ్నలకు తెలుగులోనో తమిళంలోనో జవాబు చెప్పవచ్చు. దీనికి మా సహోద్యోగులు కొందరు ఒప్పుకోలేదు. రేపు ఉద్యోగంలో ఇంగ్లీషు రాకపోతే ఎలా అన్నారు. ఇంగ్లీషు నేర్పే పేపరు విడిగా ఉంది, దానికి మార్కులూ విడిగా ఉన్నాయి. నా పేపరులో నేను కొలవవలసింది కొట్టులో కొనుగోలు ఎలా జరుగుతుందో ఈ విద్యార్థికి తెలుసా లేదా అన్నదే. తోటివారికి మార్కులు పంచమని కూడా అడుగుతాను. ఒక్కొక్కరు మిగతా నలుగురికి 100 పాయింట్లు పంచి, ఒక్క వాక్యంలో కారణం రాయాలి. ఒకే గదిలో ఉండే స్నేహితులు తలా 25 వేసి ఇచ్చేస్తారు కాబట్టి, అంకెలను నేను పెద్దగా నమ్మను, ఆ వాక్యాలనే చదువుతాను. "తను రాకపోతే కొట్టతను మాతో మాట్లాడేవాడు కాదు" అని ఒకరి గురించి నలుగురూ నాలుగు రకాలుగా రాస్తే, అది నాకు చాలు.

తరువాతి టీములతో పోల్చి సరిదిద్దుకునే వీలుండాలని, మొదటి టీముకు వేసిన మార్కులను, మూడో టీము అయ్యేదాకా పెన్సిలుతోనే ఉంచుతాను.

కొత్త పద్ధతిలో మొదటిసారి 30లో 10 టీముకు, 20 ఒక్కొక్కరి పనికి అని పెట్టాను. మాట్లాడినందుకు విడిగా ఏమీ లేదు. ఆ సెమిస్టర్‌లో ఒక విద్యార్థిని నా గదికి వచ్చి, మూడు రాత్రులు మేడ మీద నిలబడి సాధన చేశానని, టీములో మిగతావాళ్ల వాక్యాలు కూడా తనే సరిదిద్దానని చెప్పి, "మాట్లాడటం పని కాదా మేడమ్?" అని అడిగింది. పనే. వినేవాళ్లకు అర్థమయ్యేలా ఒక విషయాన్ని పేర్చి చెప్పడం మార్కెటింగ్‌లో సగం పని. మరుసటి సెమిస్టర్ నుంచి ఒక్కొక్కరి పనికి 15, చెప్పిన తీరుకు 5 అని విడగొట్టాను. ఈ నెల రెండు మధ్యాహ్నాలు జరగబోయే పన్నెండు ప్రజెంటేషన్లకు ఆ లెక్కతోనే పట్టిక గీసుకున్నాను. ప్రతి పేరు ఎదురుగా, అంకె వేసే గడి కన్నా కారణం రాసే గడిని వెడల్పుగా ఉంచాను.