పని ఎంతవరకు వచ్చిందని పోర్చుగీసులో అడగడం

లిస్బన్‌లో ఉంటూ పోర్చుగీసు నేర్చుకుంటున్న నాకు, అన్నిటికంటే ముందు అక్కరకు వచ్చినవి పని ఎంతవరకు వచ్చిందో కనుక్కునే చిన్న వాక్యాలే. పని ఎలా సాగుతోందని తోటి ఉద్యోగిని అడగాలంటే ఇక్కడ ‘కోము ఎ కె ష్టా అ కుర్రేర్?’ అంటారు, బ్రెజిల్‌వారు ‘కోము ఎస్టా ఇందు?’ అంటారు. దర్జీ దుకాణంలో మాత్రం ముందుగా ‘బోం దియా’ అని పలకరించి, ఆ తరువాతే ‘జా ష్టా ప్రోంతు?’, అంటే సిద్ధమైందా, అని అడగాలి; పలకరింపు లేని ప్రశ్న నిలదీసినట్టు ఉంటుందని నా అభిప్రాయం. కోటు పుంలింగం కనుక ‘ప్రోంతు’, చొక్కా స్త్రీలింగం కనుక ‘ప్రోంత’ అనాలి. దాదాపు అయిపోయిందనడానికి ‘ష్టా క్వాజ్’ అనే జవాబు వస్తే, ఇంకా చాలా ఉందా అనే అర్థంలో ‘ఫాల్తా ముయింతు?’ అని నిదానంగా అడగవచ్చు.