మా మసి పొట్ట మళ్లీ నల్లబడింది

నిన్న రాత్రి మసి సోఫా మీద వెల్లకిలా పడుకుంది. పొట్ట మీద కొత్త వెంట్రుకలు, తాకితే దూదిలా ఉన్నాయి. ఎన్నో నెలల తర్వాత! ఈ సంతోషం చల్లారకముందే, లోపలున్న కోపం కూడా చల్లారకముందే రాసేస్తున్నాను.

మసి మా ఆడపిల్లి. ఆరేళ్లు. పేరుకు తగ్గట్టు ఒళ్లంతా నలుపే. అందుకే పొట్ట దగ్గర గులాబీ రంగు చర్మం బయటపడ్డ రోజు చూసీ చూడనట్టు ఊరుకోవడం కుదరలేదు. అప్పటికి మేం ఇల్లు మారి రెండు నెలలైంది. పొట్ట కింద, తొడల లోపలి వైపు, రెండు పక్కలా ఒకే కొలతలో వెంట్రుకలు లేవు. పుండు లేదు, దద్దు లేదు. ఎవరో ట్రిమ్మర్ పెట్టి తీసినట్టుంది. రాలిపోతున్నాయేమో అనుకున్నాం. పిల్లి ఎప్పుడూ ఒళ్లు నాక్కుంటూనే ఉంటుంది, ఎంతసేపు నాకిందో లెక్క ఎవరు పెడతారు? మంచం కింద, తలుపు మూల మాత్రం కక్కిన వెంట్రుకల ఉండలు వారానికి రెండు మూడు దొరికేవి. తుడిచి పారేశాం. మొదటి సాక్ష్యాన్ని అలా చెత్తబుట్టలో వేశామన్నమాట.

మొదటి క్లినిక్ గురించి ఎక్కువ రాయను, రాస్తే నోరు జారుతుంది. డాక్టర్ గారు మసిని బుట్టలోంచి పూర్తిగా బయటికి కూడా తియ్యలేదు. "ఇల్లు మారారా? అయితే స్ట్రెస్" అన్నారు. ఒక ఇంజెక్షన్, ఒళ్లు నాక్కోకుండా మెడకు కోన్, ప్లగ్‌లో పెట్టే ఫెరోమోన్ డిఫ్యూజర్. ఐదు నిమిషాల్లో బయటున్నాం. ఈ డిఫ్యూజర్ అంటే, పిల్లి బుగ్గలు రుద్దినప్పుడు వదిలే వాసన లాంటిదాన్ని తయారుచేసి గదిలోకి పంపే పరికరం. మనకు ఆ వాసన తెలియదు. కొన్ని పిల్లులకు పనిచేస్తుందట, కొన్నిటికి చెయ్యదట. మసి దాని పక్కనే కూర్చుని తీరిగ్గా నాక్కునేది. కోన్ వేసినన్నాళ్లు గోడలకు గుద్దుకుంటూ తిరిగింది, తీసిన గంటకే బాకీ అంతా వసూలు చేసుకున్నట్టు నాకింది.

ఇంజెక్షన్ మాత్రం అద్భుతం. వారం తిరక్కుండా తగ్గింది. ఆ డాక్టర్ని నేను కనబడ్డవాళ్లందరి దగ్గరా పొగిడాను. ఆరో వారానికి మళ్లీ మొదలు. మళ్లీ ఇంజెక్షన్, మళ్లీ తగ్గడం, మళ్లీ మొదలు. మూడోసారి అదేం ఇంజెక్షనని కౌంటర్లో అడిగితే "అలర్జీదండీ, అందరికీ అదే ఇస్తాం" అన్నాడు అక్కడి అబ్బాయి. స్ట్రెస్ అని చెప్పి అలర్జీ ఇంజెక్షన్ ఎందుకిస్తున్నారని అప్పుడైనా నా బుర్రకు తట్టలేదు.

ఈ మధ్యలో మా బావమరిది టీ ట్రీ ఆయిల్ రాయమన్నాడు. సీసా కూడా తెచ్చిచ్చాడు. రాయకపోవడం నా తెలివి కాదు, బద్ధకం. పిల్లుల కాలేయానికి అలాంటి వాటిని విరగ్గొట్టే శక్తి తక్కువ. రాసింది రాసినట్టు నాకేస్తాయి కాబట్టి విషం నేరుగా కడుపులోకి పోతుంది. ఆ సీసా ఇంకా మా ఇంట్లోనే ఉంది, బావమరిది వచ్చినప్పుడు కనబడేలా పెట్టాను.

నేను మాత్రం నా సొంత వైద్యం ఒకటి మొదలుపెట్టాను. నాక్కోవడం చెడ్డ అలవాటు, అలవాటు మాన్పించాలి, అంతే కదా. మసి కాలు పైకెత్తగానే చప్పట్లు కొట్టి "మసీ!" అని ఒక్క కేక. వెంటనే ఆపి మంచం కిందికి పరుగెత్తేది. చూశారా పనిచేస్తోంది అని ఇంట్లో వాళ్లకు గొప్పగా చెప్పుకున్నాను. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

అయిదో నెలలో పెంపుడు జంతువుల చర్మవ్యాధులు చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లాం. మసికి భయం తగ్గడానికి బయల్దేరే ముందు రోజు రాత్రి, ఆ రోజు పొద్దున గాబాపెంటిన్ వెయ్యమని ఫోన్లోనే చెప్పారు. వేశాం. దారంతా కిక్కురుమనలేదు.

ఆ గదిలో గంటంబావు ఉన్నాం. నేను, మా ఆవిడ, మా ఎనిమిదేళ్ల వాడు. డాక్టరమ్మ మొదట నాలుగు వెంట్రుకలు పీకి మైక్రోస్కోప్ కింద పెట్టి నన్ను చూడమన్నారు. కొసలు సన్నగా దిగకుండా తెగిన తాడులా విరిగి ఉన్నాయి. "రాలడం లేదు, తనే నాకి తెంపుకుంటోంది" అన్నారు. తర్వాత ఒక అతినీలలోహిత దీపంతో చూసి, తామర కాదని ఖాయం చేసుకోవడానికి వెంట్రుకల్ని కల్చర్‌కు, అంటే ఫంగస్ పెరుగుతుందేమో చూసే పరీక్షకు, పంపారు. పొట్ట కిందే ఎక్కువ నాకుతోంది కాబట్టి మూత్రాశయం నొప్పేమోనని మూత్రపరీక్ష కూడా.

తర్వాత అడిగారు: "ఫ్లీస్ మందు ఎప్పుడు వేశారు?" ఫ్లీస్ అంటే ఒంటి మీద చేరి రక్తం తాగే చిన్న పురుగులు.

నేను నవ్వాను. నిజంగానే నవ్వాను. "మాది ఇల్లు దాటని పిల్లండీ. పురుగులూ అవీ మా ఇంట్లో ఉండవు. శుభ్రం విషయంలో నేను చాలా స్ట్రిక్టు."

ఆవిడ ఏమీ అనలేదు. సన్న పళ్ల దువ్వెనతో మసి తోక మొదట్లో నాలుగుసార్లు దువ్వి, వచ్చిన నల్ల నలుసుల్ని తడిపిన తెల్ల కాగితం మీద దులిపి నా ముందుకు జరిపారు. నలుసుల చుట్టూ ఇటుక రంగు మరకలు పాకాయి. "ఇది మట్టి కాదు, ఫ్లీ రెట్ట. పురుగు తాగిన మీ పిల్లి రక్తమే ఇలా కరుగుతోంది." మా వాడు కాగితం మీదికి వంగి "ఛీ, నాన్నా!" అన్నాడు, అదేదో నా రెట్ట అయినట్టు.

పురుగు ఎందుకు కనబడలేదంటే, పిల్లి నాలుక మీద వెనక్కి వంగిన ముళ్లుంటాయి. దాంతో దువ్వి పురుగుల్ని మింగేస్తుంది. వాటి లాలాజలం పడని పిల్లికి నాలుగు కాట్లు చాలు, దురద రోజుల తరబడి ఉంటుంది. ఎక్కణ్నుంచి వచ్చాయంటే, మేం చేరిన ఇంట్లో మాకు ముందున్నవాళ్లకు కుక్క ఉండేది. ఫ్లీ గూట్లో ముడుచుకుని నెలల తరబడి ఉండగలదట. అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం తగలగానే బయటికొస్తుంది. మేం సామాను దించాం, అవి నిద్ర లేచాయి. ఇల్లు మారడమే కారణమని మొదటి డాక్టర్ అన్నమాట తప్పు కాదు, కాకపోతే ఆయన అనుకున్న దారిలో కాదు.

"మీరు వేయించింది స్టెరాయిడ్. దురదను అణుస్తుంది. ఉత్త మనసు బాధతో నాక్కునే పిల్లికి దానితో మామూలుగా ఇంత తేడా రాదు. నాకు దురదగా ఉందని మీ పిల్లి మూడుసార్లు చెప్పింది" అన్నారు. అదే ఇంజెక్షన్ పదేపదే వేయిస్తే షుగర్ కూడా రావచ్చట. 2006లో వచ్చిన ఒక అధ్యయనం గురించి చెప్పారు. మానసిక కారణంతో జుట్టు తెంపుకుంటున్నాయని పంపిన 21 పిల్లుల్ని పూర్తిగా పరీక్షిస్తే, 16 పిల్లులకు ఒంట్లోనే ఏదో జబ్బుందట. అచ్చంగా మనసు సమస్య ఉన్నవి రెండే. మిగతా మూడింటికి రెండూ ఉన్నాయట.

నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే స్ట్రెస్ కాదన్నమాట!" అన్నాను.

"అలా అని నేను అనలేదే" అంటూ ఒక కాగితం తీశారు. ఇక ప్రశ్నలు. లిట్టర్ బాక్స్ (పిల్లి మలమూత్రాలకు పెట్టే పెట్టె) ఎక్కడుంది? వాషింగ్ మెషిన్ పక్కన. ఎన్ని ఉన్నాయి? ఒకటి. కిటికీ దగ్గరికి బయటి పిల్లులు వస్తాయా? ఒక గండుపిల్లి వస్తుంది, సాయంత్రాలు అద్దం అవతల కూర్చుంటుంది. మసి దాక్కోవడానికి ఎత్తైన చోటుందా? లేదు. "మసి నాక్కునేటప్పుడు మీరేం చేస్తారు?"

మా ఆవిడ నా వైపు చూసింది. "ఏమీ చెయ్యం" అన్నాను.

"నాన్న చప్పట్లు కొడతాడు ఆంటీ" అన్నాడు మా వాడు. "మసీ అని గట్టిగా అరుస్తాడు. అది మంచం కిందికి పోయి అక్కడ ఇంకా ఎక్కువ నాక్కుంటుంది. నేను పడుకుని చూశా."

డాక్టర్ తలెత్తలేదు, రాసుకున్నారు. ఆ కాగితం బల్ల మీద నా వైపే ఉంది. స్ట్రెస్ కారణాలు అని ఉన్న చోట ఒకటి వాషింగ్ మెషిన్, రెండు బయటి గండుపిల్లి, మూడు ఇంటాయన అరుపు. ఆఫీసులో పాతికమంది నా మాట వింటారు. ఇక్కడ వాషింగ్ మెషిన్ తర్వాత, గండుపిల్లి తర్వాత నా పేరు. ఆవిడ కనీసం తిట్టినా బావుండేది. "భయపడ్డ పిల్లి తనను తాను ఊరడించుకోవడానికి నాక్కుంటుంది. మీరు అరిస్తే మానలేదు, మీకు కనబడకుండా చెయ్యడం నేర్చుకుంది" అన్నారు మామూలు గొంతుతో. దారి పొడుగునా కారులో ఎవరూ మాట్లాడలేదు. మసి మాత్రం ఒకసారి మ్యావ్ అంది.

తర్వాతదంతా ఓపిక పని, చెప్పడానికి పెద్దగా లేదు. కల్చర్‌లో, మూత్రంలో ఏమీ లేదు. నెలకోసారి మెడ వెనక వేసే పిల్లుల ఫ్లీ మందు, ఒక్క తేదీ తప్పకుండా. ఇల్లంతా, సోఫా సందులతో సహా, వాక్యూమ్. మసి పడుకునే దుప్పట్లు వేడినీళ్లలో. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను: కుక్కల మందు మిగిలింది కదా అని పిల్లికి వెయ్యకండి. వాటిలో చాలావాటిలో ఉండే పర్మెత్రిన్ పిల్లి ప్రాణం తీస్తుంది. మందు అమ్మేవాళ్లు "అంతా ఒకటేనండీ" అంటారు. నాతో అన్నారు కూడా. పెట్టె మీద పిల్లి బొమ్మ చూసి కాదు, డాక్టర్ రాసిన పేరు చూసి కొనండి.

రెండు నెలలకు తొడలు చాలావరకు నల్లబడ్డాయి, పొట్ట మాత్రం పూర్తిగా కాదు. తిండి అలర్జీ ఉందేమోనని ఎనిమిది వారాలు ఒకే రకం ప్రత్యేక ఆహారం పెట్టి చూశాం, తేడా లేదు. ఆ అధ్యయనంలో ఒంటి జబ్బు, మనసు బాధ రెండూ ఉన్న ఆఖరి మూడు పిల్లుల జాబితాలో మసిని నాలుగోదిగా వేసుకోవచ్చన్నమాట.

ఇక్కడ నా గొప్ప కొంచెం చెప్పుకోనివ్వండి. మసి ఎప్పుడు నాక్కుంటోందో నేను నోటుబుక్కులో టైముతో సహా రాశాను, మూడు వారాలు, ఒక్క అరుపు లేకుండా. మామూలుగా ఒళ్లు శుభ్రం చేసుకోవడం వేరు, అది తిన్నాక, నిద్ర లేచాక. ఈ పిచ్చి నాకుడు మాత్రం దాదాపు ప్రతిసారీ సాయంత్రం ఆరు, ఏడు మధ్య. గండుపిల్లి వచ్చే వేళ, మెషిన్ తిరిగే వేళ. డాక్టర్ ఆ పుస్తకం చూసి "ఇంత శ్రద్ధగా ఎవరూ రాయరు" అన్నారు. ఆ కాగితం మీద మూడో నంబరుకు ఇది జవాబనుకుంటాను.

కిటికీ అద్దం కింది సగానికి మసక ఫిల్మ్ అంటించాం. లిట్టర్ బాక్సులు రెండు చేసి రెండు గదుల్లో పెట్టాం. మెషిన్ పొద్దున్నే వేస్తున్నాం. బీరువా మీద అట్టపెట్టె పెడితే మూడో రోజుకల్లా అది మసి సొంతమైంది. ఆరింటికి ముందే పది నిమిషాలు ఈకల కర్రతో ఆట, చివర్లో తప్పకుండా పట్టుకోనివ్వాలి, లేకపోతే దానికి చిరాకు. నాకడం మొదలుపెట్టాక బొమ్మ చూపించడం కాదు, మొదలుపెట్టే వేళకు ముందే ఆడించాలి. మా వాడు ఆ పని తీసుకున్నాడు. అవసరమైతే ఫ్లూఓక్సెటిన్ అనే ఆందోళన తగ్గించే మందు మొదలుపెడదామని, అది పనిచేస్తోందో లేదో తేలడానికే వారాలు పడుతుందని, మధ్యలో సొంతంగా ఆపకూడదని డాక్టర్ ముందే చెప్పారు. అంతదాకా రాలేదు.

ఎడమ తొడ లోపల బొటనవేలి గోరంత చోటు ఇంకా గులాబీగానే ఉంది. ఫ్లీ మందు తర్వాతి తేదీ 14. ఫ్రిజ్ మీద మా వాడే రాసి అంటించాడు, దాని కింద ఎర్ర పెన్నుతో "నాన్న అరవకూడదు" అని కూడా.