మా తమ్ముడి ప్లస్ టూ అయిపోయింది, ఏ కాలేజీలో చేర్చాలని ఇంట్లో మళ్ళీ అదే రచ్చ

ఒడిశా సరిహద్దులో మా పర్లాకిమిడిలో ఉన్నోళ్ళకి తెలుసు, మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, అంతా మనోళ్ళే, కానీ కాలేజీ సీటు దగ్గరికొస్తే మాత్రం మనం నాన్ లోకల్, ఆంధ్రాలో 85 శాతం సీట్లు అక్కడి లోకల్ వాళ్ళకే. నా టైంలో ఒక ఏజెంటు రంగురంగుల బ్రోచర్ చూపించి మేనేజ్‌మెంట్ సీటు అన్నాడు, నాన్న పొలం తాకట్టు పెడదామనుకున్నారు కూడా. నేను ముందు చూసొస్తానని బస్సెక్కి వెళ్ళి కాంటీన్లో కూచుని సీనియర్లని అడిగా, ల్యాబ్‌కి తాళం ఎప్పుడు తీస్తారని. మొహమొహాలు చూసుకున్నారు, నేను ఇంటికొచ్చేసా.

చివరికి ఒడిశా ప్రభుత్వ అడ్మిషన్ల పోర్టల్ శామ్స్ (SAMS)లో అప్లై చేసి ఇక్కడే డిగ్రీలో చేరా. మొదటి ఆర్నెల్లు ఏడుపే, ఫ్రెండ్సంతా వైజాగ్‌లో, నాకేమో క్లాసులో ఒడియా సగమే అర్థమయ్యేది. తర్వాత మా బెంచీలో సవర గిరిజన అబ్బాయి, నేను రోజూ సాయంత్రం లైబ్రరీలో కూచునేవాళ్ళం, వాడు నాకు ఒడియా, నేను వాడికి లెక్కలు. గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్ళోనే పాఠాలు చెప్తూ సవర భాష నేర్చుకున్నారని వాడికి చెప్తే ఎంత మురిసిపోయాడో, ఆ రోజు నుంచి నాకూ రోజుకో సవర మాట నేర్పాడు.

తమ్ముడూ, రేపు పొద్దున్న ఇద్దరం కాలేజీకి వెళ్దాం, ముందు ల్యాబ్, లైబ్రరీ చూసి, హాస్టల్ అన్నం తిని, అప్పుడు ఫీజు సంగతి మాట్లాడదాం రా.