తోజాయ్ లైన్‌లో డ్రాకులా కోట

2007లో ఉద్యోగరీత్యా టోక్యో వచ్చి, మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి కసాయ్‌లో గది అద్దెకు తీసుకొన్నాను. ఓతేమాచిలోని ఆఫీసుకు తోజాయ్ లైన్ మెట్రో రైలులో వెళ్లేవాణ్ణి. ఉదయం వేళ ఆ రైలులో పుస్తకం విప్పడానికి కూడా చోటుండదు గానీ, మూత ఉండి చేతిలో పట్టే వీడియోగేమ్ యంత్రం నింటెండో డీఎస్‌ను గుండెలకు ఆనించుకొని ఆడుకోవచ్చు. స్టేషను రాగానే మూత వేస్తే ఆట ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్ వస్తువుల బజారైన అకిహబరాలో పాత డీఎస్‌తో పాటు, కొనామి సంస్థ 2006 నవంబరులో జపాన్‌లో విడుదల చేసిన డ్రాకులా ఆటను కూడా కొన్నాను. బయటి దేశాల్లో దానిని ‘క్యాసిల్వేనియా: పోర్ట్రెయిట్ ఆఫ్ రూయిన్’ అంటారు.

కథ 1944 నాటిది. కొరడా పట్టిన జోనథన్, మంత్రాలు తెలిసిన షార్లెట్ కలిసి డ్రాకులా కోటలోకి వెళతారు. ఎక్స్ మీట నొక్కితే ఒకరి స్థానంలో మరొకరు వస్తారు. ఇద్దరికీ ప్రాణశక్తి ఒకటే, మంత్రశక్తీ ఒకటే. వెంట నడిచేవారికి దెబ్బ తగిలితే ప్రాణానికి బదులు మంత్రశక్తి తరుగుతుంది. (ఒకే బియ్యం బస్తా మీద నెలంతా గడిపిన నాకూ నా రూమ్మేటుకూ ఈ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు.) జోనథన్ విసిరే గొడ్డలి వంటివి వాడినకొద్దీ పదునెక్కుతాయి, షార్లెట్ మంత్రం పూర్తి బలంతో పడాలంటే మాత్రం మీటను ఓపికగా నొక్కి పట్టుకోవాలి.

నాకు లేనిది ఆ ఓపికే. ఆటలోని జపనీస్‌లో, ఉచ్చారణను చూపే కతకానా అక్షరాలను కూడబలుక్కొని చదివేవాణ్ణి గానీ, చైనా లిపి నుంచి వచ్చిన కంజి కనిపిస్తే చాలు, వివరణ అంతా దాటేసేవాణ్ణి. ఆఫీసులోనూ అంతే: మీటింగులో అర్థం కాకపోయినా ‘హై’ (అవును) అని తల ఊపేవాణ్ణి. అలా తల ఊపిన ఒకసారి, అక్కరలేని స్క్రీన్లను రెండు రోజులపాటు టెస్టింగ్ చేశాను.

ఆటలో స్టెల్లా, లొరెట్టా అనే అక్కచెల్లెళ్లు ఎదురయ్యారు, ఇద్దరినీ చంపాను, ఆట అర్ధంతరంగా ముగిసింది. భోజనాల వేళ మా సెన్‌పాయ్‌తో, అంటే ఆఫీసులో నా సీనియర్‌తో, ఆ మాట చెబితే ఆయన చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి, “వాళ్లను చంపకూడదు, శాపం తొలగించాలి. అది చదవలేదా?” అన్నారు. “హై” అన్నాను. “ఆ హై అంటే చదివావనా, లేదనా?” అని నవ్వి, బిల్లు వెనుక కతకానాలో ‘శాంక్చువరీ’ అని శాపం తొలగించే మంత్రం పేరు రాసిచ్చారు.

విండ్ అనే ఆత్మ అప్పగించే పనుల వివరాలను మళ్లీ మొదటి నుంచి, ఈసారి నిఘంటువు దగ్గర పెట్టుకొని చదివి, ఆ మంత్రాన్ని సంపాదించాను. దానిని జపించే పని షార్లెట్‌కు అప్పగించి, జోనథన్‌తో అటూ ఇటూ దూకుతూ, దెబ్బలు తప్పించుకొంటూ, వరుసగా మూడు ఉదయాలు ఓడిపోయాను. నాలుగో నాడు తెర తెల్లబారి అక్కచెల్లెళ్లిద్దరూ మామూలు మనుషులయ్యారు. తలెత్తి చూస్తే రైలు తకెబషిలో ఆగి ఉంది, ఓతేమాచి వెనుకబడిపోయింది.

ఆఫీసు మీటింగుకు ఆలస్యంగా చేరాను. కారణం అడిగారు. సెన్‌పాయ్ మాత్రం ఏమీ అడగకుండా నా కోటు జేబువైపు చూశారు. మూత సరిగా పడని డీఎస్ లోపలి నుంచి సన్నగా సంగీతం వినిపిస్తూనే ఉంది.