పాత ఎంజీబీకి వెనక ఎత్తు సెట్ చేసుకోవడం: నా అనుభవం

నాది 1975 ఎంజీబీ రోడ్‌స్టర్ (పైకప్పు తీసేసే వీలున్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), రబ్బరు బంపర్ల మోడల్. అమెరికాలో హెడ్‌లైట్ల ఎత్తు నిబంధన కోసమని 1974 చివర్లో ఈ కారుని సుమారు ఒక అంగుళం పైకి లేపారు. దాంతో 1962 నాటి డిజైన్‌లో ఉన్న నేలబారు వాటం పోయింది, మలుపుల్లో ఒరగడం ఎక్కువైంది. అందుకే వెనక పాత కమాన్ పట్టీలు (వంచిన ఉక్కు పట్టీల స్ప్రింగులు) తీసేసి కారుని తక్కువ ఎత్తులో నిలబెట్టే కొత్త పట్టీల కట్టలు వేయాలని, ఊపుని ఆపే పాత లివర్ ఆర్మ్ (చేయిలా కదిలే) డ్యాంపర్ల బదులు టెలిస్కోపిక్ (గొట్టంలోకి కడ్డీ దూరే రకం) షాక్‌లు పెట్టాలని పని మొదలుపెట్టాను. విప్పడం, బిగించడం కష్టం కాదు. ఎత్తు సరిగ్గా కుదర్చడమే అసలు పని.

మొదట కొలత. నేల నుంచి కొలిస్తే టైరు సైజు, గాలి అన్నీ అందులో కలిసిపోతాయి, అందుకని చక్రం మధ్య నుంచి నిట్టనిలువుగా ఫెండర్ అంచు దాకా కొలవాలి. ఇంత పాత కార్లలో ఫెండర్లు కోసి అతికించినవి కూడా ఉంటాయి కాబట్టి ఆ ఒక్క కొలతనే నమ్ముకోకుండా, యాక్సిల్ (వెనక చక్రాల ఇరుసు) పైభాగానికీ, అది మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాప్ రబ్బరుకీ మధ్య ఎంత ఖాళీ ఉందో కూడా రాసుకున్నాను. నన్నడిగితే ఈ రెండోదే ముఖ్యం. చక్రం పైకి లేవడానికి మిగిలిన చోటు అదే. చూడ్డానికి బాగుందని మరీ కిందికి దించేస్తే చిన్న గుంతకే యాక్సిల్ వెళ్లి రబ్బరుకి తగులుతుంది. మలుపు మధ్యలో అలా తగిలిందంటే వెనక సస్పెన్షన్ ఒక్కసారిగా గట్టిపడి టైరు పట్టు వదిలేస్తుంది, అది చాలా ప్రమాదం.

కొత్త కట్టలు ఎక్కించాక, పట్టీ ముందు కొసన ఉన్న కంటి (గుండ్రటి రంధ్రం) బోల్టు, వెనక కొసని బాడీకి కలిపే షాకిల్ (ఊగే లంకె) నట్లు చేత్తో తిరిగినంతవరకే తిప్పి వదిలేశాను. కారుని కిందికి దించి, కాస్త ముందుకూ వెనక్కూ తోసి, వెనక భాగాన్ని గట్టిగా నొక్కి వదిలి, డ్రైవర్ సీట్లో నా అంత బరువు పెట్టి, ట్యాంకులో సగం పెట్రోలు ఉంచి, ఆ తర్వాతే బిగించాను. ఎందుకంటే నట్టు బిగిశాక బుష్ (పట్టీ కొసల్లో ఉండే రబ్బరు తొడుగు) లోపలి గొట్టం కదలదు, మెలి తిరిగేది రబ్బరే. చక్రాలు వేలాడుతున్నప్పుడు బిగించేస్తే కారు నేల మీద ఉన్నంతసేపూ ఆ రబ్బరు మెలిపడే ఉంటుంది. అది కారుని కాస్త పైకి ఎత్తి పట్టుకుంటుంది, అంటే మనం తీసుకునే కొలతే తప్పవుతుంది, పైగా బుష్ తొందరగా చిరిగిపోతుంది. మరి కింద దూరి బిగించేదెలా అంటే, స్టాండ్లు బాడీ కింద కాకుండా యాక్సిల్ కింద పెట్టాలి, అప్పుడు బరువంతా పట్టీల మీదే ఉంటుంది.

ఇంతా చేస్తే కుడివైపు ఎడమకన్నా 12 మి.మీ. కిందికి ఉంది! అక్కడ టెన్షన్ పట్టుకుంది, ఎందుకంటే ముందు ఎడమ స్ప్రింగు ఎత్తుగా ఉన్నా వెనక కుడివైపు దిగినట్టే కనిపిస్తుంది. దాన్ని తేల్చడానికి ముందు క్రాస్‌మెంబర్‌కి (ముందు చక్రాల మధ్య కారు కింద ఉండే అడ్డ దూలానికి) సరిగ్గా మధ్యలో జాకీ పెట్టి ముందు చక్రాలు నేల వదిలేదాకా లేపాను. అప్పుడు కారు ముందువైపు ఒక్క బిందువు మీదే ఆని ఉంటుంది, ముందు స్ప్రింగుల ప్రభావం వెనక్కి రాదు. తేడా అలాగే ఉంది, అంటే లోపం వెనకే. తర్వాత రెండు కట్టలనీ అటుదిటు, ఇటుదటు మార్చాను. ఈసారి ఎడమవైపు దిగింది. బాడీ వంకర కాదు, ఒక కట్టకే వంపు తక్కువ. ఆ మాట తేలాక ఎంత తేలికపడ్డానో! అమ్మినవాళ్లకి కొలతలు పంపితే జత మార్చి ఇచ్చారు. పట్టీకీ యాక్సిల్‌కీ మధ్య సన్నటి దిమ్మ పెట్టి సర్దేయమని కొందరన్నారు గానీ, కొత్త పట్టీలకి ఆ అవసరం రాకూడదని నా ఉద్దేశం.

షాక్‌లు మాత్రం వెంటనే పెట్టలేదు. కొత్త పట్టీలు కొన్నాళ్లు నడిచాక ఇంకొంచెం దిగుతాయి. అలా దిగి, కొలత మారడం ఆగాక, కారు బరువు చక్రాల మీద ఉండగా షాక్ బిగించే పైమౌంటుకీ కిందిమౌంటుకీ మధ్య దూరం చూసుకుని దానికి తగిన పొడవు ఎంచుకున్నాను. షాక్ కడ్డీ ఇంచుమించు సగంలో నిలబడాలి. బంప్ స్టాప్ రబ్బరు పూర్తిగా నొక్కుకున్నాక కూడా షాక్ లోపల కొంచెం చోటు మిగలాలి. లేకపోతే దెబ్బంతా షాకే తింటుంది. షాక్‌లు ముందే కొనేసి ఎత్తుని వాటికి తగ్గట్టు సర్దుకోవడం నాకు అస్సలు నచ్చదు.

కొంతదూరం నడిపాక, పట్టీలని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు మళ్లీ బిగించాను, అవి తప్పకుండా కాస్త వదులవుతాయి. యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు బ్రేక్ హోస్ లాగుకోవడం లేదనీ, యాక్సిల్ పైకి లేచినప్పుడు ఎగ్జాస్ట్ గొట్టానికి తగలడం లేదనీ చూసుకున్నాను. వెనక దిగితే లైట్లు పైకి కొడతాయి, ఎదుటివాళ్ల కళ్లలో పడతాయి, అందుకని చివరగా గోడ ముందు నిలబెట్టి హెడ్‌లైట్లు కూడా సరిచేశాను.